మోటారుబండ్ల సంస్కరణము

మన మండలమునందలి యువకుల సంభాషణలను గమనించువారి కొక విషయము స్పష్టముగా దెలియును. పూర్వము నలుగురు కూడినచోట ఎద్దుల జతలను గూర్చియు, బండలాగుడు పందెములను గూర్చియు మాటలు సాగెడివి. నేడు ఏలూరునగాని, తాడేపల్లిగూడెమునగాని, కైకలూరునగాని నలుగురు యువకులు కూడినచో, ఏ జపాను బండి మేలైనది, దేని ఇంజను చుఱుకైనది, దేనికేమి మార్పు చేసిన నింకను వేగముగా బోవును అనునదియే ప్రసంగము. మెకానిక్కు షెడ్డుల యెదుట సాయంకాలపువేళ జరుగు నీ చర్చలకు మన పాఠశాల పై తరగతుల విద్యార్థులును దూరస్థులు కారు. కావున నీ విషయమున మా యభిప్రాయమును విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, మిషను పెద్దలకును విన్నవించుట కర్తవ్యమని తలచుచున్నాము.

కొందఱు పెద్దలు దీనిని వట్టి దుర్వ్యసనమని త్రోసివేయుచున్నారు. మఱికొందఱు పిల్లవాని ముచ్చటయే కదా యని తాళపుచెవిని వాని చేతి కిచ్చుచున్నారు. ఈ రెండు మార్గములును సరియైనవి కావు. యంత్రమునందలి ప్రీతి విద్యకొక ద్వారము. దానిని మూయరాదు. కాని యంత్రము నెఱుగక దానిని మార్ప బూనుట, వైద్య మెఱుగక శస్త్రము పట్టుటవంటిది. ప్రీతిని జ్ఞానమువైపునకు ద్రిప్పుట యెట్లన్నదే మన యెదుటనున్న ప్రశ్న.

ఈ ప్రీతి నిన్న మొన్న బుట్టినది కాదు. జపాను దేశపు సుజుకీ సంస్థవారి తోడ్పాటుతో తయారైన మారుతి 800 కారు 1983 వ సంవత్సరము డిసెంబరు 14 వ తేదీన మొదటి కొనుగోలుదారుని చేతికి వచ్చెను. మూడు సిలిండర్లును 796 సీసీల ఇంజనును గల యా చిన్నకారు 2014 వఱకు తయారగుచు దేశమంతట వ్యాపించెను. 1985 లో హీరో హోండా సి.డి. 100, యమహా ఆర్.ఎక్స్. 100 అను మోటారుసైకిళ్లు వచ్చినవి. నాలుగు స్ట్రోకుల ఇంజను గల మొదటిది పెట్రోలు పొదుపునకును, రెండు స్ట్రోకుల ఇంజను గల రెండవది చుఱుకుదనమునకును బేరుగాంచెను. ఆర్.ఎక్స్. 100 తయారీ 1996 లో నిలిచిపోయినను, 98 సీసీల యా బండిని నేటికిని వెదకి కొని, తోమి, రంగువేసి, ప్రాణసమానముగా జూచుకొనువారు గలరు. పిమ్మట 1998 లో హోండా సిటీయు మిత్సుబిషి లాన్సరును, 2005 లో మారుతి స్విఫ్టును, 2008 లో యమహా ఆర్ 15 ను వచ్చి యీ యభిమానమును బెంచినవి. 2016 నుండి ఇసుజు సంస్థవారి బండ్లు మన రాష్ట్రమునందే శ్రీసిటీలో తయారగుచున్నవి. ఇట్లు నలువది యేండ్లుగా జపాను యంత్రము మన బాటలకు బరిచితమై, మన యింటి వస్తువైనది.

బండితో బండిని బోల్చి చూచుటను మేము నిందింపము. పోల్చుటయే జ్ఞానమునకు మొదటి మెట్టు. అయితే దేనిని బోల్చుచున్నామన్నది ముఖ్యము. మన యువకుల చర్చలలో వినవచ్చునది ప్రాయికముగా రెండే మాటలు: ఇంజనునకు గుఱ్ఱపుబలమెంత, పరమవేగ మెంత. భారతమున నలోపాఖ్యానము చదివినవారికి బాహుకుని కథ తెలిసియే యుండును. ఋతుపర్ణుని రథమునకు బాహుకుడు బక్కచిక్కిన గుఱ్ఱముల నేర్పరచగా రాజు శంకించెను. బాహుకుడు మాత్రము బలిసిన దేహమును జూడక, అశ్వలక్షణములను జూచెను. దూరమైన విదర్భ కొక్క దినమున జేరుట కా గుఱ్ఱములే తగినవని తేలెను. పోవలసిన త్రోవను బట్టి వాహనము నెన్నుకొనుట యన నిదియే.

మన త్రోవ యెట్టిది? ఏలూరునుండి కైకలూరునకు బోవు బాట కొల్లేటి నడుమనుండి సాగుచున్నది. వరదల కాలమున నీరు బాటమీదుగా బాఱును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన నీరు దిగువనున్న కొల్లేటికే వచ్చి చేరినది. గ్రామములలో చెఱువుగట్ల మీది బాటలు సన్ననివి. వానకు బంకమన్ను తారుపైకి వచ్చి జాఱుడుగా నుండును. గేదెలును, ధాన్యపు ట్రాక్టర్లును, చేపల లారీలును నెదురగుచునే యుండును. ఇట్టిచోట బండ్లను బోల్చువాడు తడి నేలపై బ్రేకు పట్టిన నెంత దూరమున నిలుచును, అడుగుభాగము నేలకెంత యెత్తున నున్నది, వానచీకటిలో దీపమెంతవఱకు బాఱును, చెడిన భాగము ఏలూరులో దొరకునా లేక నెలరోజులు వేచియుండవలెనా అని యడుగవలెను. ఈ ప్రశ్నల కుత్తరములు చెప్పగలవాడే నిజమైన యభిమాని.

పెద్దలకును మేమొక మాట చెప్పవలసియున్నది. సుజుకీ, యమహా, హోండా అను మూడు పేరులును జపానునందలి హమమత్సు అను నొక్క పట్టణముతో ముడిపడినవే. 1909 లో సుజుకీ మిచియో అచట నేతమగ్గముల కార్ఖానాను స్థాపించెను. తివాసీల నేతకు బేరుపడిన ఏలూరివారికి మగ్గమునందలి నేర్పెట్టిదో చెప్పనక్కఱలేదు. 1887 లో యమహా తొరకుసు ఆ యూరి పాఠశాలలో చెడిపోయిన ఆర్గను వాద్యమును బాగుచేయ బిలువబడి, దాని నిర్మాణమును గ్రహించి, తానే వాద్యములను జేయ నారంభించెను. ఆ సంస్థనుండియే 1955 లో మోటారుసైకిళ్ల సంస్థ వేఱుపడినది. పాఠశాలలోని యొక పాడైన వాద్యము ఇంత పరిశ్రమకు మూలమగుట మిషను పాఠశాలవారమైన మనకు బ్రత్యేకముగా దలపదగినది.

మూడవవాడగు హోండా సొయిచిరో కమ్మరి కుమారుడు. పిస్టను రింగులను జేయబోయి, అవి నాణెముగా రాకపోగా, లోహశాస్త్రము తనకు దెలియకపోవుటయే కారణమని గుర్తించి, ముప్పది యేండ్ల వయస్సున హమమత్సు సాంకేతిక పాఠశాలకు బోయి చదివెను. యుద్ధానంతరము 1946 లో సైన్యమువారు వదలిన చిన్న ఇంజనులను సైకిళ్లకు బిగించి యమ్మెను. 1948 లో హోండా మోటారు సంస్థ వెలసెను. 1965 లో మెక్సికోలో జరిగిన ఫార్ములా వన్ పందెమున హోండా కారు మొదటి విజయమును బొందెను. సైకిలునకు ఇంజను బిగించుట బండిని మార్చుటయే కదా! కావున మార్చుటయే తప్పనువారు ఈ చరిత్రను మఱువరాదు. అట్లే, మార్చువాడు మొదట బడికి బోయెనని యువకులును మఱువరాదు.

ఇక మార్పుల సంగతి చూతము. మోటారుబండి వట్టి భాగముల పోగు కాదు. అది యొక సమతౌల్యము. పెక్కుమంది ఇంజనీర్లు వేగము, పొదుపు, మన్నిక, భద్రత, వెల అను గుణములను ద్రాసున దూచి కుదిర్చిన యొడంబడిక. అందొక గుణమును బెంచ బూనిన నది మఱియొక గుణమునుండి యప్పు తెచ్చుకొనుటయే. ఆ యప్పెవరు తీర్తురో ముందుగా నెఱుగవలెను.

సైలెన్సరును దీసివేసిన బలము పెరుగునని మన కుఱ్ఱవారికి గట్టి నమ్మకము. ఆర్.ఎక్స్. 100 వంటి రెండు స్ట్రోకుల ఇంజనున కాలిన వాయువు బయటికి బోవుచుండగనే క్రొత్త పెట్రోలు మిశ్రమము లోనికి వచ్చుచుండును. ఆ మిశ్రమముకూడ వెలికి జాఱిపోకుండ, పొగగొట్టపు టాకారమువలన వెనుకకు మఱలిన యొత్తిడి తరంగము దానిని లోనికి ద్రోయును. లెక్కకట్టి చేసిన యా గొట్టమును గోసివేసినచో చప్పుడు హెచ్చును, బలము తగ్గును, పెట్రోలు వృథాయగును. చప్పుడును బలమని భ్రమించుట ఖాళీ కుండను నిండుకుండ యనుకొనుటవంటిది.

గాలిని వడపోయు ఫిల్టరును దీసివేసిన గాలి ధారాళముగా లోనికి బోవునందురు. గాలితోపాటు మన బాటల దుమ్మును బోవును. ఆ దుమ్ము పిస్టనునకును సిలిండరునకును నడుమ జేరి యాకురాయివలె నరుగదీయును. గాలిగొట్టమును క్రిందికి దింపి బిగించినవాడు కొల్లేటి వరదనీటిలో బోయినచో ఇంజను నీటిని బీల్చును. నీరు గాలివలె నొత్తిడికి లొంగదు. పైకి వచ్చు పిస్టను దానిని నొక్కలేక, కనెక్టింగు రాడ్డు వంగి, ఒక్క క్షణమున ఇంజను పనికిమాలినదగును. స్ప్రింగులను గత్తిరించి కారును నేలకు దింపిన, నున్నని బాటపై మలుపులలో నిలకడ గలిగినను గలుగవచ్చును. మన గ్రామముల గతుకులలో మాత్రము అడుగుభాగమే ముందుగా నేలను దాకును. పెద్ద చక్రములు వేసినచో వేగమును జూపు ముల్లు నిజమును జెప్పదు. చుట్టుకొలత నూటికైదు వంతులు పెరిగిన, ముల్లు 60 వద్ద నున్నప్పుడు బండి 63 కిలోమీటర్ల వేగమున బోవుచుండును. కన్నులు మిఱుమిట్లు గొలుపు తెల్లని దీపములు బిగించిన నెదుటివాడు గ్రుడ్డివాడగును. ఇఱుకు గట్టుమీద నెదుటివాని గ్రుడ్డితనము మన ప్రాణమునకే ముప్పు.

ఈ నీతిని మనకు నేర్పుటకు కొల్లేటికన్న మంచి గురువు లేదు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు వాగుల నీరు కొల్లేటికి వచ్చి ఉప్పుటేరు ద్వారా సముద్రమును జేరుచున్నది. ఎవరికివారు చేపల చెఱువునకు గట్టు వేసికొన్నప్పుడు ఆ గట్టు మాత్రమే లాభముగా దోచినది. గట్లన్నియు గలసి నీటి మార్గమునకడ్డుపడి, ఊళ్లకు ముంపు దెచ్చినవి. 1999 లో కొల్లేరు అభయారణ్యముగా బ్రకటింపబడెను. 2002 లో రాంసర్ ఒప్పందపు జాబితాలో జేరెను. 2006 లో ఆక్రమణ చెఱువుల గట్లను బ్రభుత్వమువారు కొట్టించిరి. బ్రదుకుదెరువు పోయినవారి కష్టము చిన్నది కాదు. ఒకచోటి మార్పు మఱియొకచోట నేమి చేయునో ముందుగా విచారింపనందున గలిగిన ఫలమది. సరస్సునకు జెల్లిన న్యాయమే యంత్రమునకును జెల్లును.

వేగమును గూర్చి మన భౌతికశాస్త్రపు తరగతిలో నేర్చినదానినే యిచట వినియోగింతము. గంటకు 50 కిలోమీటర్ల వేగమున బోవు బండి సెకండునకు సుమారు 14 మీటర్లు సాగును. అపాయమును జూచి బ్రేకు త్రొక్కుటకు ఒక సెకండు పట్టినచో ఆ 14 మీటర్లు గడచిపోవును. పొడిబాటపై మంచి బ్రేకులతో నిలుచుటకు మఱి 14 మీటర్లు కావలెను. మొత్తము 28 మీటర్లు. వేగము 100 అయినచో, చూచుటకు బట్టు సెకండులోనే 28 మీటర్లు పోవును. నిలుచుటకు మాత్రము రెండింతలు కాక నాలుగింతలు, అనగా 56 మీటర్లు కావలెను. మొత్తము 84 మీటర్లు. వేగము రెట్టింపయిన గతిశక్తి నాలుగు రెట్లగుటయే దీనికి గారణము. ఇంజనును మార్చి వేగము పెంచి, బ్రేకులను మాత్రము వెనుకటివే యుంచినవాడు ఈ లెక్కతో జూదమాడుచున్నాడు.

ఈ జూదమున నోడువాడు ఒంటరివాడు కాడు. 2022 లో మన దేశపు బాటలపై 1,68,491 మంది మరణించిరని కేంద్రప్రభుత్వపు లెక్కలు చెప్పుచున్నవి. ఏలూరు, తాడేపల్లిగూడెముల మీదుగా బోవు 16 వ నంబరు జాతీయ రహదారి విశాలమైనది, నున్ననైనది. అందుచేతనే యది యువకుల నాశపెట్టుచున్నది. ఆ రహదారినే దాటి పొలమునకు బోవు రైతును, బడికి బోవు బాలికయు గలరు. పరిశుద్ధ గ్రంథమునందు యెహూ తోలు రీతిని బట్టియే వచ్చుచున్నవాడు యెహూ యని కావలివాడు దూరమునుండి గుర్తించెను. తోలు తీరే మనుష్యుని గుణమును బ్రకటించునని మన పిల్లలును దెలిసికొందురు గాక.

చప్పుడును గూర్చియు నొక మాట. 2000 వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు ఆసుపత్రులకును, పాఠశాలలకును, న్యాయస్థానములకును చుట్టు నూఱు మీటర్ల మేర నిశ్శబ్ద ప్రదేశముగా నేర్పరచుటకు వీలు గల్పించినవి. కైకలూరు చేరువ ఆటపాక యొద్ద గూడబాతులు చెట్లపై గూళ్లు గట్టి పిల్లలను బెంచుచున్నవి. వానిని జూడ దూరదేశములనుండి జనులు వచ్చుచున్నారు. రోగియు, విద్యార్థియు, గూటిలోని పిట్టయు నిశ్శబ్దమును గోరుచుండగా, సైలెన్సరు లేని బండిపై దిరుగుటలో వీరత్వమేమున్నది?

న్యాయశాసనమును స్పష్టముగనే యున్నది. 1988 వ సంవత్సరపు మోటారువాహనముల చట్టము 52 వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్దేశించిన వివరములకు విరుద్ధముగా బండిని మార్పరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టువారును ఈ విషయమునే నిర్ధారించిరి. అదే సంవత్సరపు సవరణ చట్టము అక్రమముగా మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానానుగాని, ఆఱు నెలలవఱకు ఖైదునుగాని, రెండింటినిగాని విధించుటకు వీలు గల్పించెను. మైనరు బండి నడిపి నేరము చేసినచో తలిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానాయు మూడేండ్లవఱకు ఖైదును, బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దును, ఆ పిల్లవానికి 25 ఏండ్లు నిండువఱకు లైసెన్సు నిరాకరణమును ఆ చట్టమే నిర్ణయించెను. తాళపుచెవి నిచ్చు తలిదండ్రులారా! మీరు ముచ్చటగా నిచ్చునది మీ బిడ్డ భవిష్యత్తునే యని గ్రహింపుడు.

మఱి మార్పులన్నియు గూడనివేనా? కావు. అరిగిన టైరులను దీసి, తయారీదారు చెప్పిన కొలతలోనే మేలైన టైరులు వేయుట మార్పే. కాలము చెల్లిన బ్రేకు పట్టీలను, బ్రేకు నూనెను మార్చుట మార్పే. మసకబాఱిన దీపపు టద్దమును దోమి, దీపమును సరియైన యెత్తునకు ద్రిప్పుట, గొలుసు బిగువును సరిచూచుట, ఐ.ఎస్.ఐ. గుర్తుగల హెల్మెటును దాల్చుట, వెనుక కూర్చున్నవారికిని సీటుబెల్టు పెట్టించుట, ఇవన్నియు సంస్కరణములే. పాత బండిని దాని తొలి రూపునకు దెచ్చి నిలుపుట వీనన్నింటికంటె గొప్ప నేర్పు. ఈ పనులకు జప్పట్లు రావు. అయినను ప్రతిదినమును సుఖముగా నింటికి జేర్చునవి యివియే.

వేగమును జూచి తీరవలెనను తహతహ గలవారికి దగిన స్థలము వేఱు. మద్రాసు చేరువ షోళవరమున యుద్ధకాలపు విమానస్థలమును మోటారు పందెములకు వినియోగించిరి. తరువాత శ్రీపెరంబుదూరు సమీపమున ప్రత్యేకమైన పందెపు బాటనే నిర్మించిరి. అచట డాక్టరు, అంబులెన్సు, అగ్నిమాపక సాధనములు సిద్ధముగా నుండును. ఎదురుగా గేదె రాదు. తాడేపల్లిగూడెమునను యుద్ధకాలపు విమానస్థలము గలదు. అధికారుల యనుమతితో అట్టి మూసిన స్థలమున నెచ్చటనైనను సురక్షితముగా బండి నిలుపుటయందును, మలుపుటయందును పెద్దవయస్సు యువకులకు శిక్షణ నిప్పించిన, బాటలపై యనర్థములు కొంతైన దగ్గునని మా నమ్మకము.

మన పాఠశాల చేయదగిన దొకటి గలదు. పనికిరాని యొక పాత ఇంజనును దెచ్చి ప్రయోగశాలలో బల్లపై నుంచవలెను. దానిని విప్పుట, కొలుచుట, ప్రతి భాగమునకును బొమ్మ గీయుట, తిరిగి కూర్చుట వారమున కొకమాఱు పై తరగతులవారికి నేర్పవలెను. మన యూరి మేస్త్రీలను బిలిచి వారి చేతినేర్పును జూపింపవలెను. 2015 లో తాడేపల్లిగూడెమున నెలకొల్పబడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థలోని ఆచార్యులను వత్సరమున కొక యుపన్యాసమునకు వేడవలెను. ఇది పిల్లల నింకను బండ్లవైపునకు ద్రోయుటయే గదా యని కొందఱాక్షేపింతురు. పిల్లల మనస్సు అటు వెళ్లియే యున్నది. మనము నేర్పకున్నచో వారు వీధిలో నేర్చుకొందురు. వీధి నేర్పునది చప్పుడు. బడి నేర్పవలసినది కారణము.

విద్యార్థులారా! మీ యభిమానమును మేము గౌరవించుచున్నాము. బండిని విప్పుటకు ముందు దాని పుస్తకమును జదువుడు. ఒక భాగమును మార్చుటకు ముందు, దానిని జేసినవాడు అట్లేల చేసెనో తెలిసికొనుడు. కారణము తెలియనంతవఱకు చేయి వేయకుడు. తెలిసినచో, మార్పవలసినవి మీరు తలచినదానికంటె మిక్కిలి తక్కువయని మీరే కనుగొందురు. అట్లు నేర్చినవాడు నేడు బండిని జక్కగా నడుపును. రేపు బండినే నిర్మించును. మన కొల్లేటి బాటలకు దగిన బండిని హమమత్సువారు కాక, ఈ పాఠశాల విద్యార్థియే నిర్మించు దినము రావలెనని మా కోరిక.